బండి ఖర్చు ఎవరిది?

పదకొండు వందల రూపాయలు మిగల్చాలని పట్టుబట్టి, ఆ పట్టుదలతో ఊళ్ళు తిరిగి, మిగలాల్సిన దానికి నాలుగింతలు పోగొట్టి, మేనకోడలి పరీక్షను గుమ్మంలో వేలాడదీసి, చివరికి ఒక పెళ్ళివారి వంటశాల వెనక సాంబారు డేగిసా పక్కన తలదించుకుని నిలబడ్డ మహానుభావుడి కథ చెబుతాను. ఆ మహానుభావుడు నేనే. నవ్వండి, మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతున్నారు. మీరు కొత్తగా చేరితే నాకు వచ్చే నష్టం ఏమీ లేదు.

నాది సన్నాయి మేళం. అరసవల్లిలో మా తాతల నాటినుంచి గుడిలో సేవ, బయట పెళ్ళిళ్ళు. సన్నాయి నాది, డోలు పైడిరాజుది, బేరం మాత్రం ఎప్పుడూ నాదే. పెళ్ళివారు ఎంతటి గడుసువాళ్ళయినా నా దగ్గర బేరంలో గెలవలేరని అప్పట్లో నాకో గట్టి నమ్మకం. ఇంకా నలభై నిండలేదు, నమ్మకాలకేం తక్కువ.

మా మేళం వాళ్ళకి రెండు కట్టుబాట్లున్నాయి. ఈ కథంతా వాటి మీదే నడుస్తుంది కాబట్టి కాస్త గుర్తుపెట్టుకోండి. మొదటిది, సున్నాతో ముగిసిన డబ్బు ఇవ్వం, పుచ్చుకోం. ఒకటో పదహారో పైన పడాల్సిందే. రెండోది, సంభావన వేరు, బండి ఖర్చు వేరు. పిలిచినవాళ్ళదే బండి ఖర్చు. ఒకసారి నౌపడలో పెళ్ళివారు ఆటో డబ్బులు కూడా మీ సంభావనలోనే కలిశాయండీ అన్నారు. నేను సన్నాయిని సంచిలోంచి తియ్యకుండా ఆటో పక్కనే నిలబడ్డాను. ముహూర్తం ముంచుకొస్తోంది, పంతులుగారు మైకులో మేళం, మేళం అని అరుస్తున్నారు, నేను మాత్రం కదల్లేదు. పెళ్ళికొడుకు తండ్రి పట్టుపంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చి ఆటోవాడి చేతిలో డబ్బు పెట్టాకే సన్నాయి బయటికి తీశాను. అంతటివాణ్ణి.

ఇక అసలు సంగతి. మా అక్కది కోటబొమ్మాళి. బావ సింహాచలం వరి పండిస్తాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హేమ ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుతోంది. అప్పటికి ఆఖరి సంవత్సరం. ప్రతిసారీ ఫీజు వేళకి బావ శ్రీకాకుళం వచ్చి, చదువు లోను తీసుకున్న బ్యాంకులోనే, వాళ్ళు అడిగినంత కట్టి, రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ ఏ గొడవా లేదు. ఆ సారి మాత్రం భోజనానికి మా ఇంట్లో ఆగాడు. అదే కొంప ముంచింది.

అన్నం తింటూ మాటల్లో అడిగాను, డాలరు ఎంతకి ఇస్తున్నారు బావా అని.

"ఏమోరా సూరీ," అన్నాడు బావ. "ఆళ్ళు సెప్పింది కట్టేస్తన్నాను."

ఆ మాట వినగానే ముద్ద కంచంలో వదిలేశాను. ఇన్నేళ్ళుగా బేరం చెయ్యకుండా డబ్బు కట్టిన మనిషి నా ఎదురుగా కూర్చుని పప్పుచారు కలుపుకుంటున్నాడు. అందులోనూ నా సొంత బావ. ఈసారి ఫీజు నేను పంపిస్తాను, నువ్వు చెక్కు మీద సంతకం పెట్టేసి పొలం చూసుకో అన్నాను. వద్దురా, శుక్రవారం దాటితే పిల్లకి పరీక్ష లేదంట అని బావ నసిగాడు. శుక్రవారం అంటే ఆ శుక్రవారం కాదు, పై శుక్రవారం. చేతిలో పది రోజులున్నాయి. అయినా బావ భయం అబద్ధం కాదు. రెండు వేల నాలుగు వందల డాలర్లు పైసా తక్కువ లేకుండా కాలేజీకి చేరితేనే హేమకి హాల్ టికెట్ ఇస్తారు. చేరకపోతే ఆర్నెల్లు ఆగాలి, మళ్ళీ ఫీజు కట్టాలి. అప్పటికే బావ రెండు పంటల డబ్బు ఆ చదువులో పోశాడు. మూడో పంట ఇంకా నారుమడిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే స్వామి దర్శనం చేసుకుని, కండువా బిగించి, బ్యాంకుల మీద పడ్డాను. మొదట బావ బ్యాంకు. డాలరు ధర చెప్పారు. ఆఖరు మాట చెప్పండి అన్నాను. మేనేజరుగారు మర్యాదస్తుడు. ఆ ధర తన చేతిలో లేదని, పొద్దున్నే ముంబై నుంచి వస్తుందని చెప్పారు. అయితే ముంబై వాళ్ళకి ఫోన్ కలపండి, నేను మాట్లాడతాను అన్నాను. ఆయన నా వంక చూసి, మంచినీళ్ళు తెప్పించారు.

రెండో బ్యాంకులో ధర ముప్పై పైసలు తక్కువ, కానీ పంపినందుకు ఛార్జీ ఎక్కువ. మూడో బ్యాంకులో ఛార్జీ లేదు, ధర మాత్రం రూపాయిన్నర ఎక్కువ. ఫోన్లో పంపే యాప్ ఒకటి చూశాను, పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర. ఇక్కడ నా తెలివిని కాస్త మెచ్చుకోవాలి మీరు. ఛార్జీ లేదన్నవాడు ఆ డబ్బు ధరలో లాగేస్తాడన్న సంగతి నేను రెండో రోజుకే కనిపెట్టాను. ధర, ఛార్జీ, దాని మీద పన్ను, అన్నీ కలిపి మన జేబులోంచి మొత్తం ఎంత పోతుందో అదొక్కటే చూడాలని పైడిరాజు డోలు తోలుపట్టీలు బిగిస్తుండగా అతనికి పాఠం చెప్పాను. పైడిరాజు అంతా విని, ఇంతకీ పంపేసినావేటి అని అడిగాడు. లేదు, రేపు ఇంకో పది పైసలు దిగుతుందేమో చూస్తున్నానన్నాను. మర్నాడు ఇరవై పైసలు ఎక్కింది.

ఇలా రెండు రోజులు గడిపి, ఊరంతా తిరిగి, లెక్కలన్నీ తేల్చాక అన్నిటికన్నా చవక ఏదో తెలిసింది. మొదట వెళ్ళిన బావ బ్యాంకే. సరే, ఓడినా గెలిచినట్టు నడుస్తూ లోపలికి వెళ్ళి, రెండు వేల నాలుగు వందల ఒక్క డాలరు పంపమన్నాను. ఆ ఒక్కటీ శుభానికి. విద్య కోసం పంపే డబ్బు సున్నాతో ముగియడం నాకు ఇష్టం లేదు. కౌంటర్లో అమ్మాయి అన్నీ నింపి, చివరిగా ఒక్క ప్రశ్న అడిగింది.

"సర్, దారిలో విదేశీ బ్యాంకు ఛార్జీలు ఉంటాయి. మీరు కడతారా, తీసుకునేవాళ్ళ మీద వెయ్యమంటారా? మీరు కడితే పదకొండు వందలు."

చూశారా, నా జన్మంతా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. డబ్బు బండెక్కి ఫిలిప్పీన్స్ వెళుతోంది. దాన్ని రమ్మని పిలిచింది ఎవరు? కాలేజీ వాళ్ళు. పిలిచినవాళ్ళదే బండి ఖర్చు.

"తీసుకునేవాళ్ళ మీదే రాయమ్మా," అన్నాను. "పిలిచింది ఆళ్ళు. బండి ఖర్చు ఆళ్ళదే."

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. నేను నౌపడ పెళ్ళి సంగతి మొదలుపెట్టాను. వెనక వరుస పెరిగిపోవడంతో ఆమె పాపం స్టాంపు వేసేసింది. బావ బ్యాంకులో ప్రతిసారీ పదకొండు వందలు దండగ చేశాడని, నేను ఒక్క మాటతో మిగిల్చానని ఆ సాయంత్రం వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. పాలవాడికి కూడా చెప్పాను.

సోమవారం హేమ ఫోన్ చేసింది. డబ్బు చేరింది, కానీ పంతొమ్మిది డాలర్లు తక్కువ చేరిందట. దారిలో ఎవరో మధ్య బ్యాంకు వాళ్ళు ఇరవై డాలర్లు కోసుకున్నారట. కాలేజీ వాళ్ళకి ఎవరు కోసుకున్నారన్నది అక్కర్లేదు, వాళ్ళ లెక్కలో మొత్తం నిండకపోతే హాల్ టికెట్ రాదు. ఆ పిల్ల నెమ్మదిగా, "మావా, మరి నాకాడ..." అని ఏదో మొదలుపెట్టింది.

"నువ్వు సదువుకోయే," అన్నాను. "డబ్బు సంగతి నాకొదిలెయ్."

పెట్టేశాను. పెద్దమనిషి మాట అలాగే ఉండాలని నా అభిప్రాయం.

నిజం చెప్పాలంటే నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మధ్య బ్యాంకు మా బావ వరి డబ్బులో ఇరవై డాలర్లు తింటుందా? సంభావన మన చేతికి వచ్చేలోగా కల్యాణమండపం వాడొకడు, మధ్యవర్తి ఒకడు తలో ముక్కా తుంచుకోవడం మేళం వాళ్ళకి తెలియనిదేం కాదు. అంత తెలిసినవాణ్ణే ఆ మధ్యవాణ్ణి ఎలా మరిచిపోయానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మంగళవారం మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. ఈసారైనా విదేశీ ఛార్జీ కట్టేయండి సర్ అంది ఆ అమ్మాయి. పదహారు వందల చిల్లర పంపడానికి పదకొండు వందల బండి ఖర్చా అని అడిగాను. మొత్తం ఎంతైనా అది అంతే సర్ అంది. అయితే నేను వేరే దారి చూసుకుంటానని లేచాను. బయటికొచ్చి బావకి ఫోన్ చేశాను.

"ఒరే సూరీ, ఆ పదకొండు వందలు కట్టేద్దాంరా," అన్నాడు బావ. "నాను ఇస్తాను. పిల్ల బయపడతన్నాది."

నీకు తెలీదు బావా, ఇది డబ్బు గురించి కాదు, పద్ధతి గురించి అన్నాను. ఈ మాట ఎవరైనా అన్నప్పుడు అది కచ్చితంగా డబ్బు గురించేనని మీకూ నాకూ తెలుసు.

విజయనగరంలో ఒక దుకాణం ఉందని ఎవరో చెప్పారు. విదేశాలకి డబ్బు పంపుతారట, ఛార్జీలు సున్నా అని బోర్డు మీద మూరెడు అక్షరాలతో రాసుంటుందట. ఛార్జీ లేదన్నవాడి గుట్టు పైడిరాజుకి పాఠంగా చెప్పినవాణ్ణే, బస్సెక్కి వెళ్ళాను. ఆ రోజుకి ఒప్పుకున్న గృహప్రవేశం మేళాన్ని వేరేవాళ్ళకి అప్పగించాను, ఆ సంభావన పోయింది. బస్సు ఛార్జీ, టిఫిను, భోజనం. దుకాణంలో ఇరవై ఒక్క డాలర్లు కట్టాను. పంతొమ్మిది చాలు, కానీ ఇరవై అంటే సున్నా వస్తుంది కదా, ఇరవై ఒకటి చేశాను. డాలరు ధర బ్యాంకు కన్నా రెండు రూపాయలు ఎక్కువ పడింది. పోనీ, ఛార్జీ సున్నా అని సర్దిచెప్పుకున్నాను.

గురువారం పొద్దున్న హేమ మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు మారిపోయింది.

"మావా, డబ్బులు వచ్చాయి."

"సూసావా. ఎంత వచ్చాయే?"

"ఒక డాలర్."

వాళ్ళ ఛార్జీ సున్నాయే, అబద్ధం లేదు. మధ్య బ్యాంకు ఛార్జీ వాళ్ళది కాదు. అది తన ఇరవై తాను తిని, మిగిలిన ఒక్కటీ భద్రంగా దాటించింది. శుభానికి వేసిన ఒక్కటి మాత్రం శుభంగా చేరింది. ఇంకా పద్దెనిమిది తక్కువ. రేపు సాయంత్రం ఐదింటికి అక్కడ ఆఫీసు మూసేస్తారు, అంటే మనకి రెండున్నర. ఆ పిల్ల మళ్ళీ "మావా, నేను సెప్పేది ఒక్కసారి..." అంది. నేను ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఇప్పుడే వెళ్తన్నానని చెప్పి పరుగెత్తాను. అప్పుడు మాత్రం నిజంగా భయం వేసింది. బావ మొహం కళ్ళ ముందు కనిపించింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనడు, అదే నా భయం.

బ్యాంకు అమ్మాయి నన్ను చూడగానే ఏమీ అడక్కుండా కాగితం తీసింది. విదేశీ బ్యాంకు ఛార్జీ కట్టాను. ఇక్కడి ఛార్జీ కట్టాను, పన్ను కట్టాను. పద్దెనిమిది చాలినా శుభానికి మళ్ళీ ఇరవై ఒక్క డాలర్లే పంపడానికి రెండు వేలకి పైగా బండి ఖర్చు నా చేత్తో లెక్కపెట్టి ఇచ్చాను. ఎప్పుడు చేరుతుందమ్మా అని అడిగాను. రెండు పనిదినాలు పట్టొచ్చు సర్ అంది. మర్నాడు శుక్రవారం. ఆ పైన శని, ఆదివారాలు.

శుక్రవారం మాకు కోటబొమ్మాళిలోనే పెళ్ళి మేళం. అక్కా బావా పెళ్ళికి వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నారు. డబ్బు దారిలో ఉందని వాళ్ళకి చెప్పాను. అది నిజమే, ఏ దారిలో ఉందో నాకు తెలీదు, అంతే. నేను సన్నాయి ఊదుతున్నాను గానీ ఏం ఊదుతున్నానో నాకే తెలియడం లేదు. నాతో పాటు పైడిరాజుకి కూడా తెలియలేదట, నేను ఎటు వెళితే తనూ అటు వచ్చేశానని తరవాత చెప్పాడు. పంతులుగారు చెయ్యెత్తారు, గట్టిమేళం. సరిగ్గా అప్పుడే నడుముకి దోపుకున్న ఫోన్ వణకడం మొదలుపెట్టింది. తాళి పడుతున్నప్పుడు సన్నాయి ఆపితే ఆ ఊళ్ళో ఇంకెప్పుడూ పిలవరు. రెండు కళ్ళూ బయటికొచ్చేలా ఊదాను. అంత భక్తిగా ఊదిన సన్నాయి ఎప్పుడూ వినలేదని పెళ్ళికూతురి బామ్మగారు అక్షింతలు నా మీద కూడా వేశారు.

తలంబ్రాలు మొదలవగానే సన్నాయి పైడిరాజు ఒళ్ళో పడేసి వంటశాల వెనక్కి పరుగెత్తాను. సాంబారు డేగిసా పక్కన నిలబడి ఫోన్ చేశాను.  

"కట్టేసినాను మావా," అంది హేమ. "హాల్ టికెట్ ఇచ్చారు."

ఒళ్ళంతా చల్లబడింది. డబ్బు అంత త్వరగా ఎలా చేరిందని అడిగాను. చేరలేదంది. మరి ఎవరు పంపారని అడిగాను.

"ఎవులూ పంపలేదు. నా పర్సులోవే. తిండికి ఉంచుకున్న పెసోలు. కౌంటర్లో ఇచ్చాను, రెండు నిమిషాల్లో రసీదు కొట్టి ఇచ్చారు."

పెసోలంటే అక్కడి డబ్బులు.  మరి ఆ పని సోమవారమే చేసి ఉండొచ్చు కదే అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"సోమవారమే అడిగాను మావా. నాకాడున్నాయి, కట్టేయనా అని అడగబోయాను. నువ్వు సదువుకో అన్నావు. నిన్న కూడా అడగబోయాను. నువ్వు పెట్టేసినావు. నువ్వు పంపుతానన్నాక నాను కట్టేస్తే రెండుసార్లు అవుతాదని ఆగాను. ఈ నాలుగు రోజులూ పుస్తకం ముట్టలేదు మావా. బయపడిపోయాను."

ఈ ఆఖరి మాట ఆమె కోపంగా అనలేదు. కోపంగా అంటే బావుండేది. సాంబారు ఆవిరి కళ్ళలో పడిందని వంటవాడితో చెప్పి కండువాతో తుడుచుకున్నాను. నిజంగా సిగ్గేసింది. ఒక్క మాట పూర్తిగా వినివుంటే ఇంత గొడవ లేదు. ఒక్క పైసా ఖర్చు లేని ఆ మాటని వినడానికి నాకు తీరిక లేకపోయింది, పది పైసల కోసం మాత్రం రెండు రోజులు తిరిగాను. మండపంలోకి తిరిగి వచ్చి బావకి అంతా చెప్పాను, దాచలేదు. బావ వధూవరుల వంక చూసి, "పిల్ల పరీక్ష రాస్తాది కదా," అన్నాడు. రాస్తుందన్నాను. "అయితే బోజనానికి ఎల్దాం పద," అన్నాడు.

హేమ పరీక్ష రాసింది, పాసయింది. నేను రెండు వేల పైచిలుకు బండి ఖర్చుతో పంపిన ఇరవై ఒక్క డాలర్లు మంగళవారం తాపీగా కాలేజీకి చేరాయి. ఫీజు అప్పటికే నిండిపోయింది కనక వాళ్ళు ఎక్కువైన డబ్బు వెనక్కి పంపారు. వెనక్కి వచ్చేటప్పుడూ అదే దారి. కాలేజీ వాళ్ళు తమ ఖర్చు కోసుకున్నారు, మధ్య బ్యాంకు తన వంతు తింది, మన బ్యాంకు లోపలికి రానిచ్చినందుకు తన ఛార్జీ తీసుకుంది. నా ఖాతాలో పడింది, పైసలు వదిలేస్తే, నూటపదహారు రూపాయలు. ప్రపంచంలో ఇన్ని బ్యాంకులు కలిసి నాకు సంభావన ఇవ్వడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ నూటపదహారూ నేను ఖర్చు పెట్టలేదు. హేమ చదువు ముగించి వచ్చి, ఇక్కడ రాయాల్సిన పరీక్ష కూడా రాసి, శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేరాక, మొదటి రోజునే వెళ్ళి బీపీ చూడమని చెయ్యి చాపాను. ఊదడం వల్ల నరాలు గట్టిగానే ఉన్నాయి మావా, ఉప్పు తగ్గించు అంది. నేను లేచి నిలబడి, తమలపాకులో పెట్టి ఆ నూటపదహారూ ఆమె చేతిలో పెట్టాను. డాక్టరమ్మ కళ్ళకద్దుకుంది. తరవాత స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ, ఎంతో అమాయకంగా అడిగింది.

"మరి బండి ఖర్చు ఎవరిది మావా?"

బయట వరుసలో కూర్చున్న రోగులు కూడా విన్నారు. నేను ఆటో డబ్బులు నా జేబులోంచే ఇచ్చుకుని ఇంటికి వచ్చాను. వచ్చే దారిలో అరసవల్లి స్వామి ఎదుట, చెప్పులు విడిచి, కండువా నడుముకి కట్టుకుని ప్రమాణం చేశాను. స్వామీ, ఇకమీదట నా డబ్బు ఏ దేశం వెళ్ళినా, పిలిచింది ఎవరైనా, బండి ఖర్చు నాదే. ధరలూ ఛార్జీలూ పోల్చి చూడటం మానను, అది నా చేత కాదు, ఆ సంగతి నీకూ తెలుసు. కానీ లెక్క మొదలుపెట్టే ముందు, "మావా" అని మొదలైన మాటని ఆఖరి అక్షరం దాకా వింటాను.